ఐదు మైళ్ల ఇల్లు

ఇంటికి కావలసిన సరుకంతా ఊరి చుట్టుపక్కలే దొరకాలన్నాడు గాంధీ. ఆ మాట పట్టుకుని జీవితాంతం ఇళ్లు కట్టాడు లారీ బేకర్. సిమెంటు ఫ్యాక్టరీలకు కూతవేటు దూరంలో ఉన్న మిర్యాలగూడ ప్రాంతంలో ఆ లెక్క నిలుస్తుందా?

నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద మాడుగులపల్లి టోల్‌గేటు దగ్గర కాసేపు నిలబడితే చాలు, ఇప్పుడు ఇళ్లు దేంతో కడుతున్నారో ఎవరూ చెప్పనక్కర్లేదు. వాడపల్లి వైపు నుంచి సిమెంటు లారీలు వస్తాయి. మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం లారీలు వస్తాయి. వాటి మధ్యలో ఇసుక, కంకర, సలాకలు. 2016లో జిల్లాల విభజనప్పుడు మండల కేంద్రమైన ఈ ఊరు నల్లగొండకూ మిర్యాలగూడకూ నడుమ ఉంది. రోడ్డుకు రెండువైపులా సాగర్ నీళ్లు పారే వరి పొలాలు. వాటి మధ్య కొత్తగా లేచిన డాబాలు. ఇక్కడి డాబాకూ, సూర్యాపేటలో డాబాకూ, కోదాడలో డాబాకూ తేడా కనిపెట్టమంటే కష్టం. అవే పిల్లర్లు, అదే స్లాబు, అదే పుట్టీ, అదే రంగు. మే నెల మధ్యాహ్నం ఆ స్లాబు కింద కూర్చోలేక కూలరో, ఏసీనో కొనుక్కోవడం కూడా ఒకే తీరు.

ఈ ప్రాంతానికి సిమెంటు పరాయి సరుకు కాదు. మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లి నుంచి మట్టంపల్లి, మేళ్లచెరువు దాకా భూమి కింద సున్నపురాయి పరుచుకుని ఉంది. బి.వి.రాజు పెట్టిన రాశి సిమెంట్స్ ఇక్కడి విష్ణుపురంలోనే పెరిగింది. 1998లో దాన్ని ఇండియా సిమెంట్స్ చేజిక్కించుకుంది. మట్టంపల్లిలో సాగర్ సిమెంట్స్, భవానీపురంలో దక్కన్ సిమెంట్స్, మేళ్లచెరువులో మై హోమ్. ఇన్ని కుటుంబాలకు అన్నం పెడుతున్న సరుకు మీద ఫిర్యాదు చేయడం ఇక్కడ అంత తేలికేమీ కాదు.

అయినా ప్రశ్న ఉండనే ఉంది. ఇంటికి ఏ సరుకు వాడాలో ఎవరు తేల్చాలి? ఫ్యాక్టరీయా, బ్యాంకు లోనా, పక్కింటి డాబానా? లేక ఆ నేల, ఆ ఎండా? ఈ ప్రశ్నను తన వృత్తికంతటికీ పునాదిగా వేసుకున్న ఆర్కిటెక్టు ఒకాయన మన దేశంలో ఉండేవాడు.

గుడ్డ చెప్పులు చూసి...

లారెన్స్ విల్‌ఫ్రెడ్ బేకర్ 1917 మార్చి 2న ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. ఆర్కిటెక్చర్ అక్కడే చదివాడు. యుద్ధాన్ని ఒప్పుకోని క్వేకర్ శాఖ క్రైస్తవుడు. అందుకే రెండో ప్రపంచయుద్ధంలో తుపాకీ పట్టకుండా అంబులెన్స్ దళంతో చైనాకు వెళ్లాడు. అక్కడ కుష్ఠు రోగుల మధ్య పనిచేసి ఇంటికి తిరిగి వెళ్తూ, ఓడ కోసం బొంబాయిలో ఆగాడు. అక్కడ గాంధీని కలిశాడు. బేకర్ కాళ్లకున్నవి గుడ్డపేలికలతో చేత్తో కుట్టుకున్న చెప్పులు. గాంధీ కంట మొదట పడినవి అవే. పనికిరాదనుకున్న దానితో పనికొచ్చే వస్తువు చేసుకునే మనిషి భారతదేశపు పల్లెల్లో పని చేస్తే బాగుంటుందని ఆయన అన్నాడట. ఆదర్శ గ్రామంలో ఇల్లు, దాని చుట్టూ ఐదు మైళ్ల లోపు దొరికే సరుకుతో కట్టినదై ఉండాలన్న గాంధీ మాట బేకర్‌ను జీవితాంతం వదల్లేదు.

1945లో కుష్ఠు ఆసుపత్రులు కట్టే సంస్థ పని మీద బేకర్ మళ్లీ మన దేశానికి వచ్చాడు. ఆ సంస్థ తరఫునే హైదరాబాదులో వైద్యురాలిగా పనిచేసిన కేరళ అమ్మాయి ఎలిజబెత్ జేకబ్‌ను 1948లో పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరూ హిమాలయాల్లోని పిథోరాగఢ్‌లో పదహారేళ్లు ఉన్నారు. ఆమె వైద్యం చేసేది, ఆయన కట్టడాలు కట్టేవాడు.

ఆర్కిటెక్టుగా ఆయన చదువు మలుపు తిరిగింది అక్కడే. బర్మింగ్‌హామ్‌లో నేర్చుకున్నవేవీ కొండల్లో అక్కరకు రాలేదు. తనకు పేరు కూడా తెలియని రాళ్లతో, మట్టితో, చెక్కతో అక్కడి వాళ్లు ఇళ్లు కట్టుకుంటున్నారు. వానకు, మంచుకు, భూకంపానికి ఆ ఇళ్లు తట్టుకుంటున్నాయి. వాళ్లను వెనకబడినవాళ్లని కొట్టిపారేయకుండా, వందల ఏళ్ల తప్పొప్పుల తర్వాత నిలిచిన పద్ధతి అది అని ఆయన గుర్తించాడు. చూసి నేర్చుకున్నాడు. 1963లో కేరళకు మారాక అక్కడి ఎర్ర మట్టి, ఇటుక, కొబ్బరి చెక్క, పెంకు చూసి మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాడు. తిరువనంతపురంలో స్థిరపడ్డాక సామాన్యుల ఇళ్లే ఆయన ప్రధాన పని అయ్యాయి.

1971లో ఆర్థికవేత్త కె.ఎన్.రాజ్ పూనికతో మొదలైన సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ప్రాంగణం ఆయన పేరు దేశమంతా తెలిసేలా చేసింది. సున్నం పూయని ఇటుక గోడలు, వాటిలో గాలి ఆడేందుకు వరుసలుగా వదిలిన కంతలు, చెట్టు అడ్డొస్తే చెట్టు చుట్టూ వంగిన గోడ. పేదరికం మీద పరిశోధన చేసే సంస్థకు ఖర్చు తగ్గించి కట్టిన భవనం. 1985లో కె.ఎన్.రాజ్, మాజీ ముఖ్యమంత్రి అచ్యుత మేనన్ తదితరులతో కలిసి బేకర్ కాస్ట్‌ఫోర్డ్ అనే సంస్థకు ఊపిరి పోశాడు. భారత పౌరుడయ్యాడు. 1990లో పద్మశ్రీ వచ్చింది. 2007 ఏప్రిల్ 1న తిరువనంతపురంలోనే కన్నుమూశాడు.

గోడలో బోలు, స్లాబులో పెంకు

బేకర్ తత్వమంతా రెండు పనుల్లో కనిపిస్తుంది. ఆ రెంటినీ మన సుతారి మేస్త్రి భాషలోనే చెప్పుకోవచ్చు.

మొదటిది గోడ. మామూలుగా తొమ్మిది అంగుళాల గోడకు ఇటుకను పడుకోబెట్టి పేర్చుతారు. బేకర్ వాడిన పద్ధతిలో ఇటుకను పక్కకు తిప్పి, అంచు మీద నిలబెడతారు. లోపలి వరుసకూ బయటి వరుసకూ మధ్య ఖాళీ వస్తుంది. అక్కడక్కడ అడ్డంగా ఒక ఇటుక రెండు వరుసలనూ పట్టి ఉంచుతుంది. పైనుంచి చూస్తే ఎలుకబోను ఆకారం. అందుకే ర్యాట్‌ట్రాప్ బాండ్ అంటారు. గోడ మందం తగ్గదు, ఇటుకలు మాత్రం సుమారు నాలుగో వంతు మిగులుతాయి. మాలు అంతకన్నా ఎక్కువే మిగులుతుంది. లోపలి బోలులో నిలిచిన గాలి ఎండ వేడిని ఇంట్లోకి సులువుగా రానివ్వదు. ఇందులో కొత్త సరుకేదీ లేదు. అదే ఇటుక, అదే మేస్త్రి. మారింది పేర్చే తీరొక్కటే.

రెండోది స్లాబు. స్లాబు మీద బరువు పడినప్పుడు పైభాగం నొక్కుకుపోతుంది, కిందిభాగం సాగుతుంది. కాంక్రీటు నొక్కుడుకు గట్టిది, సాగుడుకు చేవ లేనిది. కింది సాగుడును మోసేది సలాకే. మరి సలాకల మధ్య కిందివైపు ఉన్న కాంక్రీటు చేసే పనేమిటి? దాదాపు ఏమీ లేదు, తన బరువు తాను మోయించుకోవడం తప్ప. అందుకని సెంట్రింగు మీద సలాకలు కట్టాక, గళ్ల మధ్యలో రెండేసి బెంగళూరు పెంకులు ఒకదాని మీద ఒకటి బోర్లించి పెడతారు. ఆ తర్వాతే కాంక్రీటు పోస్తారు. పైన నొక్కుడు పడే చోట అంతా కాంక్రీటే ఉంటుంది, పనిలేని చోట మాత్రం పెంకు కూర్చుంటుంది. సెంట్రింగు విప్పాక కింద నుంచి చూస్తే పెంకుల గళ్లు కనపడతాయి. కాంక్రీటు ఐదో వంతు, కొన్ని చోట్ల అంతకన్నా ఎక్కువే తగ్గుతుంది. బరువు తగ్గింది కాబట్టి సలాక కూడా కాస్త తగ్గుతుంది. పెంకుల మధ్య గాలి ఉండడంతో కింద గదిలో వేడి తగ్గుతుంది. దీన్నే ఫిల్లర్ స్లాబు అంటారు.

ఇక్కడే బేకర్‌ను చాలామంది పొరపాటుగా అర్థం చేసుకుంటారు. ఆయన సిమెంటుకు శత్రువు కాదు. స్లాబు కూడా పోశాడు. సిమెంటు లేకుండా కుదరని చోట సిమెంటే వాడాడు. ఆయన అడిగిందల్లా ఒక్కటే: ఈ బస్తా ఇక్కడ పని చేస్తోందా, ఊరికే కూర్చుందా? కిటికీ మీద లింటెల్ నిజంగా కావాలా, ఇటుకల ఆర్చి చాలదా? గోడకు ప్లాస్టరింగ్ దేనికి, ఇటుక తన రంగులో కనపడితే నామోషీయా? ఇంటాయనకు నిజంగా ఎన్ని గదులు కావాలి? ప్రతి ప్రశ్నకూ ఖర్చు తగ్గుతూ పోతుంది. ఎత్తుపల్లాలను చదును చేయకుండా నేల వాలును బట్టి ఇల్లు కట్టడం, పాత ఇళ్ల తలుపులు, కిటికీలు తెచ్చి అమర్చడం, సీసాలు గోడలో పొదిగి రంగు వెలుతురు తెప్పించడం, ఇవన్నీ ఆ ప్రశ్నల నుంచి పుట్టినవే. ఇంటి యజమాని కుటుంబంతో కూర్చుని మాట్లాడకుండా ఆయన గీత గీయలేదు. ఒకసారి గీసిన ప్లాను మరొకరికి ఇవ్వలేదు.

మన దగ్గర ఆ లెక్క తెలిసినవాళ్లు

ఐదు మైళ్ల సూత్రం ఇక్కడివాళ్లకు కొత్తేమీ కాదు. ఎవరూ దానికి పేరు పెట్టలేదంతే.

మిర్యాలగూడ చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా మిగిలిన పాత పెంకుటిళ్లను చూడండి. పునాదికి ఊరి గుట్ట రాయి. గోడకు చెరువు మట్టి, మూరెడు మందం. పైన తాటి దూలాలు, దంతెలు, వాటి మీద కుమ్మరి గూనపెంకు. ముందు అరుగు, అరుగు మీదికి దిగిన చూరు. మధ్యాహ్నం ఎండ గోడకు తగలకుండా ఆపేది ఆ చూరే. మందపు మట్టి గోడ పగలంతా వేడిని తనలోనే నిలబెట్టుకుని, రాత్రి చల్లబడుతుంది. కొంచెం కలిగినవాళ్ల ఇళ్లలో మట్టికి బదులు గానుగలో రుబ్బిన డంగు సున్నం ఉండేది. సున్నం, ఇసుక కలిపి ఎడ్లు రాతి చక్రం తిప్పుతుంటే మాలు మెత్తగా నలిగేది. అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపేవారు. హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగా ఖాన్ ట్రస్టు 2013లో మొదలుపెట్టి చేసిన పునరుద్ధరణలో మొదటి పెద్ద పనుల్లో ఒకటి, ఇరవయ్యో శతాబ్దంలో రిపేర్ల పేరుతో మెత్తిన సిమెంటును తొలగించడం. రాతి గోడలోని తేమ బయటికి రావడానికి సున్నం వీలిస్తుంది, సిమెంటు ఇవ్వదు. అందుకని మళ్లీ సున్నంతోనే పూత పూశారు.

ఇంకా వెనక్కి వెళ్తే సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి. కాకతీయుల కాలంలో రేచర్ల వారు కట్టించిన గుళ్లు. ఎరకేశ్వరాలయం 1208 నాటిది. అదే కాలంలో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి పని 1213లో మొదలైంది. 2021లో యునెస్కో జాబితాకెక్కింది. ఆ గుడి శిఖరానికి నీళ్ల మీద తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. నల్ల నేల వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది కాబట్టి పునాది కింద ఇసుక పొర పరిచారు. పైన బరువు తగ్గించడం, కింద నేల కదలికను ముందే లెక్కలోకి తీసుకోవడం, ఈ రెండూ ఎనిమిది వందల ఏళ్ల కిందటి డిజైను నిర్ణయాలే.

అంత పాతవే కాదు. మాడుగులపల్లి పొలాలకు నీళ్లిచ్చే నాగార్జునసాగర్ కూడా ఈ లెక్కలోనే కట్టింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ నీళ్లు వదిలారు. ఆ రోజుల్లో ప్రపంచంలో చాలా పెద్ద ఆనకట్టలను కాంక్రీటుతో కడుతున్నారు. మన ఇంజినీర్లు రాతి కట్టడాన్ని ఎంచుకున్నారు. విదేశీ మారకం కరువు, భారీ యంత్రాలు లేవు. కానీ కొండలో రాయి ఉంది, వేల చేతులు పని కోసం ఎదురుచూస్తున్నాయి. 124 మీటర్ల ఎత్తు, దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల పొడవు రాతి ఆనకట్ట, మనుషులు తట్టలు మోసి కట్టినది, ఈనాటికీ పనిచేస్తోంది. ప్రపంచంలోని అతి పెద్ద రాతి ఆనకట్టల్లో అదొకటి.

వంద కిలోల రాయికి నలభై నాలుగు కిలోలు

మరి అంత ఇబ్బంది సిమెంటుతో ఏమిటి?

దుమ్ము, పొగ గురించి అందరికీ తెలుసు. అసలు సంగతి రసాయనంలో ఉంది. సున్నపురాయిని కొలిమిలో కాల్చితే అది రెండుగా విడిపోతుంది. స్వచ్ఛమైన సున్నపురాయి వంద కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోల బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) గాల్లో కలుస్తుంది. ఇది బొగ్గు మంట వల్ల వచ్చే పొగ కాదు, రాయిలోంచే వచ్చేది. కొలిమిని సూర్యరశ్మితో నడిపినా ఇది ఆగదు. ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో ఏడెనిమిది శాతం సిమెంటు వాటా. చైనా తర్వాత అత్యధికంగా సిమెంటు తయారుచేసేది మనమే.

కాల్చిన ఇటుకదీ ఇంచుమించు ఇదే కథ. వరి పండే పైమట్టిని తవ్వి, బట్టీలో కాల్చాలి. ఆ విషయంలో బేకర్‌ను విమర్శించిన వాళ్లూ ఉన్నారు. ప్లాస్టరింగ్ లేని ఎర్ర ఇటుక గోడ కంటికి బాగుండొచ్చు గాని, దాని వెనక కాలిన కట్టెలు, పోయిన సారవంతమైన మట్టి లెక్క ఏమైంది అని వాళ్ల ప్రశ్న. ఆ విమర్శలో నిజముంది. అందుకే కాస్ట్‌ఫోర్డ్ తర్వాతి కాలంలో పచ్చి మట్టి కట్టడాల వైపు కూడా గట్టిగా తిరిగింది.

బూడిదలోంచి ఇటుక

ఈ చిక్కుకు ఒక జవాబు తెలుగునేల మీదే పుట్టింది. విశాఖపట్నంలో డాక్టర్ ఎన్.భానుమతిదాస్, ఎన్.కాళిదాస్ నడిపిన ఇన్‌స్వారెబ్ అనే పరిశోధన సంస్థ ఫాల్-జి అనే మిశ్రమాన్ని రూపొందించింది. థర్మల్ కేంద్రాల బూడిద, సున్నం, జిప్సం, ఈ మూడే అందులోని సరుకు. బూడిదలోని సిలికా, అల్యూమినా సున్నంతో కలిసి గట్టిపడతాయి. జిప్సం ఆ పనిని వేగిరం చేస్తుంది. అచ్చులో పోసి, నీళ్లతో తడిపి ఆరబెట్టడమే. బట్టీ లేదు, మంట లేదు, పొలం మట్టి తవ్వడం లేదు. చిన్న పెట్టుబడితో ఊరి దగ్గరే పెట్టుకోగల యూనిట్లు దేశమంతటా వచ్చాయి. మంట పెట్టని ఇటుకకు కార్బన్ క్రెడిట్లు కూడా దక్కేలా ప్రపంచ బ్యాంకు నిధి ఒకటి తోడ్పడింది.

ఇందులో ఐదు మైళ్ల సూత్రానికి ఒక విచిత్రమైన చట్టబద్ధ రూపం కూడా ఉంది. కేంద్ర పర్యావరణ శాఖ 1999 సెప్టెంబరు 14న ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. థర్మల్ కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు ఇటుకలు చేసేవాళ్లు బూడిద కలపాలని అందులో నిబంధన. 2003లో ఆ దూరాన్ని 100 కిలోమీటర్లకు, 2016లో 300 కిలోమీటర్లకు పెంచారు. గాంధీ గీసిన వలయంలో ఉన్నది మట్టి, రాయి. ప్రభుత్వం గీసిన వలయంలో ఉన్నది బూడిద.

దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం కట్టారు. ఐదు యూనిట్లు, ఒక్కోటి 800 మెగావాట్లు. మన దేశపు బొగ్గులో సుమారు మూడో వంతు బూడిదే. అంటే ఈ ప్రాంతంలో దశాబ్దాల పాటు కొండలుగా పేరుకునే సరుకు ఒకటి కొత్తగా వచ్చింది. దాన్ని గుట్టగా పోసి ఊళ్ల మీదికి ఎగరనివ్వడమా, ఇటుకగా మార్చడమా అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి.

మిల్లుల సంగతి కూడా అంతే. వడ్ల బరువులో సుమారు ఐదో వంతు ఊక. ఊకను బాయిలర్లో కాలిస్తే మళ్లీ దాంట్లో ఐదో వంతు బూడిద మిగులుతుంది. ఆ బూడిదలో 85 నుంచి 90 శాతం సిలికా. సరైన వేడిలో కాల్చి మెత్తగా నూరితే సిమెంటులో కొంత భాగానికి బదులు వాడొచ్చు. ఇన్ని మిల్లులున్న మిర్యాలగూడలో ఊకబూడిద ఇన్నాళ్లూ పారబోతకే తప్ప కట్టుబడికి పెద్దగా అక్కరకు రాలేదు.

రాజధానిలో రెండు పాఠాలు

పల్లె ఇల్లు ఒకటే కాదు, పెద్ద ఆఫీసు భవనం కూడా నేలను, ఎండను బట్టి కట్టొచ్చని హైదరాబాదులో ఇద్దరు ఆర్కిటెక్టులు చూపించారు. ఇద్దరివీ వేరు వేరు దారులు.

1960ల్లో చార్లెస్ కొరియా ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ కార్యాలయ సముదాయాన్ని డిజైన్ చేశాడు. దక్కన్ ఎండలో ఏసీల మీద ఆధారపడకుండా ఆఫీసు నడవాలన్నది అక్కడ అసలు సమస్య. ఆయన భవనాన్ని ముద్దగా కాకుండా మధ్యలో ఖాళీలు, నీడ పడే చోట్లు వచ్చేలా పరిచాడు. పైన ఎండను విరిచే పందిరి, కప్పు మీద పలచని నీటి పొర. భవనం ఆకారాన్ని నిర్ణయించాల్సింది వాతావరణమే అని కొరియా జీవితాంతం వాదించాడు. వేడి ఊరిలో ఆకాశం కింద ఉండే ఖాళీ స్థలం కూడా ఒక గదే అన్నది ఆయన దృష్టి. మన అరుగు, వాకిలి, డాబా మీద పడక అంతా ఆ లెక్కలోవే.

రెండోది కొండాపూర్‌లోని సీఐఐ–సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. వడోదర ఆర్కిటెక్టు కరణ్ గ్రోవర్ రూపొందించిన ఈ భవనాన్ని 2004 జులై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. హరిత భవనాలకిచ్చే లీడ్ రేటింగులో అమెరికా బయట ప్లాటినం తెచ్చుకున్న మొదటి భవనం ఇదే. 69 పాయింట్లకు 56 వచ్చాయి. గ్రోవర్ అప్పటికే గుజరాత్‌లోని చంపానేర్ పాత నగరాన్ని కాపాడేందుకు చాలాకాలంగా పోరాడుతున్నాడు. అదే 2004లో చంపానేర్ యునెస్కో జాబితాలో చేరింది. పాత కోటల్లో, బావుల్లో చూసిన చల్లదనపు ఉపాయాలను ఆయన అద్దాల కాలపు భవనంలోకి తెచ్చాడు. మధ్యలో గుండ్రటి పెరడు, చుట్టూ గదులు, జాలీ గోడలు, గాలిని చల్లబరిచి లోపలికి దించే బురుజులు, కప్పు మీద గడ్డి, సౌర పలకలు, వాడిన నీళ్లను మొక్కల వేళ్ల గుండా శుద్ధి చేసే ఏర్పాటు.

బేకర్ దారిలో సర్టిఫికెట్ లేదు, మేస్త్రి ఉన్నాడు. గ్రోవర్ దారిలో కొలత ఉంది, ప్రతి పాయింటుకూ రుజువు కావాలి. ఐటీ కంపెనీలకు రెండో దారి నచ్చింది. గత ఇరవై ఏళ్లలో దేశంలో గ్రీన్ బిల్డింగ్ అన్న మాట అంత చలామణిలోకి రావడానికి హైదరాబాదులోని ఈ భవనం ఒక ముఖ్య కారణం. కాని రేటింగ్ బోర్డు తగిలించిన అద్దాల భవనాలు కొన్ని పగలంతా ఏసీల మీదే నడుస్తున్నాయన్నది కూడా ఈ నగరంలో కళ్లకు కనిపించే సంగతి.

మరి ఎందుకు కట్టుకోవడం లేదు?

ఇంత మేలున్నప్పుడు ఊళ్లో జనం ఎందుకు అలా కట్టుకోవడం లేదన్నది న్యాయమైన ప్రశ్న. జవాబు అజ్ఞానం కాదు.

పెంకుటిల్లు అంటే ఏటా పెంకులు సర్దించాలి. కోతులు వస్తే ఆ పని నెలకోసారి. మట్టి గోడకు చెద, వర్షానికి కరుగు. ఈ చాకిరీ ఎన్ని తరాల ఆడవాళ్లు చేశారో ఇల్లు అలికిన చేతులకు తెలుసు. స్లాబు వేసుకోవడమంటే ఆ చాకిరీ నుంచి బయటపడడం, డాబా మీద వడ్లు, మిరపకాయలు ఎండబోసుకోవడం, రేపు పైన ఇంకో అంతస్తు వేసుకునే వీలు. పిల్లకు సంబంధం వచ్చినప్పుడు ఇల్లు పెంకుటిల్లా, డాబానా అని అడుగుతారు. బ్యాంకువాళ్లూ అదే అడుగుతారు.

మేస్త్రి కొరత ఇంకో సమస్య. ఇటుకను నిలబెట్టి కట్టే గోడకు చేయి తిరగాలి. మూల కట్టడం, లోపల కరెంటు పైపు పోనివ్వడం, అలమార వచ్చే చోట బోలు నింపడం తెలియాలి. ఫిల్లర్ స్లాబులో పెంకు జరిగితే సలాక బయటపడుతుంది. డంగు సున్నం మేస్త్రీలు ఇప్పుడు గుళ్లు, కోటలు బాగుచేసే చోట తప్ప కనపడరు. 1980ల చివర కేంద్ర గృహనిర్మాణ రుణ సంస్థ హడ్కో దేశమంతటా పెట్టించిన నిర్మితి కేంద్రాలు ఈ పని నేర్పడానికే వచ్చాయి. కొల్లంలో పుట్టిన ఆ ఆలోచన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జిల్లాలకూ వచ్చింది. కాలం గడిచేకొద్దీ వాటి ఊసు తగ్గిపోయింది. నేర్చుకున్న సుతారికి ఎక్కువ కూలి రాకపోతే ఆ పని ఎందుకు చేస్తాడు?

ఏడు బస్తాలు, నాలుగున్నర లక్షల ఇళ్లు

తెలంగాణ ప్రభుత్వం 2024 మార్చి 11న భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్ల పథకం మొదలుపెట్టింది. మొదటి విడతలో నియోజకవర్గానికి 3,500 చొప్పున, రిజర్వు కోటాతో కలిపి నాలుగున్నర లక్షల ఇళ్లు. ఇంటికి ఐదు లక్షల రూపాయలు, కనీసం 400 చదరపు అడుగులు. డబ్బు నాలుగు విడతల్లో ఇస్తారు. స్లాబు పడ్డాక వచ్చే విడతే పెద్దది.

బేకర్ ప్రశ్నను ఇక్కడ వేసి చూద్దాం. 400 చదరపు అడుగులంటే 37 చదరపు మీటర్లు. ఐదు అంగుళాల స్లాబుకు నాలుగున్నర ఘనపు మీటర్లకు పైగా కాంక్రీటు పడుతుంది. ఘనపు మీటరుకు ఎనిమిది బస్తాల లెక్కన ముప్పై ఐదు బస్తాల పైమాటే. ఫిల్లర్ స్లాబుతో ఐదో వంతు తగ్గిందనుకుంటే ఇంటికి ఏడు బస్తాలు మిగులుతాయి. నాలుగున్నర లక్షల ఇళ్లకు 31 లక్షల బస్తాలు దాటుతుంది, అంటే లక్షన్నర టన్నుల సిమెంటు. ఇది కాగితం మీద వేసిన లెక్కే. పెంకుల ధర, మేస్త్రి కూలి, ఇంజినీరు అనుమతి కలిపితే ఒక్కో చోట ఒక్కోలా తేలుతుంది. గోడ సంగతి ఇందులో కలపనే లేదు.

వేడి విషయంలో ప్రభుత్వానికి ఇప్పటికే ఒక విధానం ఉంది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. కప్పు మీద తెల్లటి పూత, లేదా లేత రంగు పలకలు వేసి ఎండను వెనక్కి పంపడమే దాని సారం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకూ, 600 గజాలు, అంతకు మించిన స్థలాల్లోని ఇళ్లకూ అది తప్పనిసరి. 400 అడుగుల ఇంటికి తప్పనిసరి కాదు. ఆ ఇంట్లోనే ఏసీ ఉండదు, ఆ స్లాబు కిందనే మధ్యాహ్నం పడుకోవాల్సింది.

సిమెంటు పరిశ్రమ కూడా తన వంతు మార్పు మొదలుపెట్టింది. బూడిద, స్లాగు కలిపిన సిమెంటు ఎప్పటి నుంచో ఉంది. కాల్చిన బంకమట్టి, పచ్చి సున్నపురాయి కలిపి, కొలిమిలో కాల్చి తీసే క్లింకర్‌ను సగానికి తగ్గించే ఎల్‌సీ3 అనే సిమెంటు మీద స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలతో కలిసి మన ఐఐటీలు పనిచేశాయి. దానికి 2023లో భారత ప్రమాణం కూడా వచ్చింది. వాడపల్లి, మట్టంపల్లి ఫ్యాక్టరీలు మూతపడనక్కర్లేదు. బస్తాలో ఉండే సరుకు మారాలి, ఆ బస్తా పనిలేని చోట పడకుండా చూసుకోవాలి.

ఇందిరమ్మ ఇళ్ల కోసం మండల కేంద్రాల్లో నమూనా ఇళ్లు కట్టే పని చేపట్టారు. లబ్ధిదారు వచ్చి, చూసి, అలా కట్టుకోవాలని ఉద్దేశం. వాటి పక్కన రెండో నమూనా ఒకటి కట్టడానికి అయ్యే ఖర్చు ప్రభుత్వానికి లెక్కలోది కాదు. మాడుగులపల్లి లాంటి చోట అందులో ఏమేం ఉంటాయో రాసుకోవచ్చు. పునాదికి దగ్గరి క్వారీ రాయి. గోడకు వీర్లపాలెం బూడిద ఇటుక, నిలబెట్టి కట్టినది. పెంకులు దింపిన స్లాబు, దాని మీద తెల్ల సున్నం. పడమటి గోడకు నీడ పడేలా చూరు, ముందు అరుగు. కట్టే పనిలో మండలంలోని పదిమంది సుతారులను కూలి ఇచ్చి కూర్చోబెడితే వాళ్లకు శిక్షణ కూడా అదే అవుతుంది. రెండు ఇళ్లకూ అయిన బిల్లులు, మే నెలలో మధ్యాహ్నం మూడింటికి రెండు ఇళ్ల లోపలా థర్మామీటర్ చూపించిన అంకెలు పక్కపక్కన గోడ మీద రాసి ఉంచొచ్చు. ఇల్లు మంజూరైన కుటుంబం ముగ్గు పోసే ముందు అక్కడ ఆగి, ఆ రెండు వరుసలూ చదివి, ఏది కావాలో మేస్త్రికి చెప్పుకుంటుంది.